డోలీ కుట్టిన రోజులు

మా ఆయన పోయిన తర్వాతి నెలలో గార్డెన్ రీచ్‌లో అద్దె గది ఖాళీ చేసి, ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్స్‌లో ఉన్న అమ్మ దగ్గరికి వచ్చేశాను. తెచ్చుకున్నవి రెండు సంచుల బట్టలు, ఒక పరుపు, నా కుట్టు మిషను. జీన్స్ ప్యాంట్లు కుట్టే పెద్ద మిషను అది. తమ్ముడు దాన్ని విడదీసి, తల ఒకసారి, కాళ్ళు ఒకసారి మూడో అంతస్తుకి మోశాడు. కిటికీ పక్కన బిగించి, నూనె వేసి, సాయంత్రానికల్లా కార్ఖానా వాళ్ళిచ్చిన ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను.

నాకు ఏడుపు రాలేదు. ఆయన ఓడలకు రంగులు వేసే పని చేసేవాడు. కామెర్లన్నారు, ఆసుపత్రిలో చేర్చాం, వారం తిరక్కుండా అయిపోయింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలు కర్మ అయ్యేదాకా నా మొహం వంకే చూశారు. ఒకసారి గట్టిగా ఏడ్చేస్తే తేలికవుతుందని అత్తగారి చెల్లెలు నా వీపు నిమిరింది. నేను గిన్నెలు తోముతున్నాను. ఆ రోజుల్లో నాకు కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. వేడి టీ అలాగే గొంతులో పోసుకునేదాన్ని. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు.

అమ్మకి అంతకు ముందు ఏడాదే పక్షవాతం వచ్చి ఎడం కాలు, ఎడం చెయ్యి పడిపోయాయి. మాట మాత్రం తిరిగి వచ్చింది. మంచం పట్టుకుని లేచి, ఒకరి ఆసరాతో బాత్రూం దాకా వెళ్ళగలదు. మెట్లు దిగడం అన్న మాటే లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున తమ్ముడు ఆమెను వీపున వేసుకుని ఎక్కించాడట. సగం దారిలో ఆమె వాంతి చేసుకుందట. అప్పట్నుంచీ ఆ రెండు గదులు దాటి బయటికి రాలేదు. మా మెట్లు పాతకాలంవి, ఇరుకు. మలుపు దగ్గర నీళ్ళ గొట్టం ఒకటి గోడలోంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. ఎదురుగా మనిషి వస్తే ఒకరు ఆగాలి.

నాన్న పోర్టులో సరుకు మోసే కళాసీ. ఆయన పోయాక తమ్ముడికి అక్కడే పని దొరికింది కాబట్టి క్వార్టరు మిగిలింది. అమ్మ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేది. పెళ్ళై వచ్చిన కొత్తల్లో చేరి, రిటైరయ్యేదాకా దాదాపు ఒకటే రోడ్డు ఊడ్చింది. మార్కెట్ వెనక వైపు నుంచి ట్రాం పట్టాల దాకా. దాన్ని బీటు అంటారు. అమ్మ మాత్రం నా రోడ్డు అనేది.

ఒక మధ్యాహ్నం నేను జేబులు కుడుతుంటే మంచం మీంచి అంది.

"ఒలే, నన్ను కిందకి దింపుతావేటి?"

ఎందుకని అడిగాను.

"నా రోడ్డు సూడాల."

సరే అన్నాను. జాలిపడి అన్నానని చెప్పలేను. మిషను ఆగినప్పుడల్లా చేతులు ఖాళీ అయిపోతున్నాయి. వాటికి ఇంకో పని దొరికింది, అంతే.

మొదట ప్లాస్టిక్ కుర్చీతో ప్రయత్నించాం. తమ్ముడు ఒకవైపు, కింది అంతస్తులో ఉండే, మేం దాదా అని పిలిచే బెంగాలీ అతను ఒకవైపు. దాదా ఓడల డాకులో క్రేన్ దగ్గర పనిచేస్తాడు, మెత్తటి మనిషి. "ఆస్తే, మాషీమా, ఆస్తే," అని అమ్మకి ధైర్యం చెబుతూ నెమ్మదిగా ఎత్తాడు. మొదటి మలుపులోనే కుర్చీ కాలు గొట్టానికి తగులుకుంది. వెనక్కి లాగితే అమ్మ ఎడమ వైపుకి ఒరిగిపోయింది. ఆ పక్క ఆమెకు ఆపుకునే బలం లేదు. నేను మెట్టు మీద మోకాలు ఆనించి ఆమె నడుం పట్టుకున్నాను. అక్కడినుంచే వెనక్కి తీసుకొచ్చేశాం. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

తర్వాత ఆదివారం దుప్పటి. నాలుగు కొసలు ఇద్దరూ పట్టుకుంటే మధ్యలో అమ్మ మడతపడిపోయింది, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. గుమ్మం కూడా దాటలేదు.

"దింపండి. నానేటి బస్తానా?" అంది.

తమ్ముడు చెమట తుడుచుకుంటూ, "అప్పా, ఇది అయ్యేది కాదు, ఒగ్గీ," అన్నాడు. వాడి తప్పేం లేదు. వారమంతా ఓడ సరుకు ఎత్తి దింపే మనిషి, ఉన్న ఒక్క సెలవూ మాకు ఇస్తున్నాడు.

నేను ఒగ్గెయ్యలేదు. పట్టుదలా కాదు. అది బుర్రలో ఒక మూల ఉండిపోయింది. కార్ఖానాకి కుట్టినవి అప్పజెప్పడానికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ మెట్ల మీద బరువులు ఎలా ఎక్కుతున్నాయో, ఎలా దిగుతున్నాయో చూడ్డం అలవాటైంది. గ్యాస్ బండ మోసేవాడు భుజం మీద గోనె మడత వేసుకుంటాడు. పరుపు మోసేవాళ్ళు దాన్ని నిలువుగా తిప్పుతారు. ఒకరోజు రెండో అంతస్తు వాళ్ళకి ఫ్రిజ్ వచ్చింది. ఇద్దరు మనుషులు దాని కింద నుంచి వెడల్పు పట్టీలు తీసి, భుజాల మీదుగా అడ్డంగా వేసుకుని లేచి నిలబడ్డారు. ఫ్రిజ్ గాల్లోకి లేచింది. వాళ్ళ చేతులు దాన్ని ఊరికే ముట్టుకుని ఉన్నాయి, బరువంతా భుజాల మీదే ఉంది. మలుపు దగ్గర ఒక చేత్తో గోడ పట్టుకున్నారు, ఇంకో చేత్తో ఫ్రిజ్ తిప్పారు. నేను గోడకి అతుక్కుని నిలబడి, వాళ్ళు పైకి వెళ్ళేదాకా చూశాను. దిగి వచ్చేటప్పుడు ఆపి, ఆ పట్టీ ఒకసారి చూపించమన్నాను. వాళ్ళు నవ్వి ఇచ్చారు.

ఖిదిర్‌పూర్‌లో పాత ఓడ సామాన్లు అమ్మే దుకాణాలున్నాయి. తాళ్ళు, లాంతర్లు, టార్పాలిన్లు, సరుకు ఎత్తే నైలాన్ పట్టీలు, అన్నీ గుట్టలుగా పోసి ఉంటాయి. పట్టీలు చేత్తో లాగి లాగి, అంచులు చీరుకుపోనివి ఏరుకున్నాను. మందపాటి కాన్వాసు ఒక ముక్క తీసుకున్నాను. ఇంటికొచ్చి పాత బెంగాలీ పేపర్లు అతికించి నేలమీద పరిచి, ముందు కాగితం మీద కత్తిరించాను. మధ్యలో మనిషి కూర్చునే కాన్వాసు, ముందొకరు వెనకొకరు భుజాలకి వేసుకునే పట్టీలు. ప్యాంటు కుట్టేవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది. నాలుగు కుట్లు ఒకచోట కలిసే దగ్గరే ముందు చిరుగుతుంది. అందుకని పట్టీ కాన్వాసుతో కలిసే ప్రతిచోటా చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు గీతలు కుట్టాను. సూది రెండుసార్లు విరిగింది.

అమ్మ మంచం మీంచి చూస్తూ, ఏటది అని అడిగింది. నిన్ను దింపేది అన్నాను. కాసేపు చూసి, "డోలీ," అంది. వాళ్ళ ఊరు కొండల దగ్గర. అక్కడ జబ్బు మనుషుల్ని కర్రకి కట్టిన డోలీలో మోసుకెళ్ళేవాళ్ళట. ఆమె చిన్నప్పుడు చూసినవాళ్ళలో తిరిగి నడుచుకుంటూ వచ్చినవాళ్ళు తక్కువట. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. నేనూ మామూలుగానే విన్నాను. పేరు మాత్రం అదే ఉండిపోయింది.

బియ్యం బస్తా వేసి చూస్తే డోలీ ఒరక్కుండా ఆగింది. అమ్మని కూర్చోబెడితే ఆగలేదు. బస్తాకి కుడీ ఎడమా ఉండవు. అమ్మ మాత్రం కొంచెం కొంచెంగా ఎడమ పక్కకి జారుతుంది. పైగా నడుం దగ్గర పట్టీ బిగిస్తే ఊపిరాడటం లేదంది. రెండుసార్లు విప్పి కుట్టాను. జారడం ఆగలేదు.

నెలకోసారి ఒక సేవాసంస్థ తరఫున, అందరూ దిది అని పిలిచే ఒకామె వచ్చి అమ్మ చేతికి, కాలికి వ్యాయామం చేయించేది. ఆ నెల వచ్చినప్పుడు డోలీ నేలమీద పరిచి ఉంది. ఆమె దాన్ని తిరగేసి మరగేసి చూసింది. తర్వాత తన అరచెయ్యి అమ్మ తొడ కింద పెట్టి, నా చెయ్యి కూడా అక్కడ పెట్టించి, బరువు ఇక్కడికి రావాలి, నడుం మీదికి కాదు అని బెంగాలీలో చెప్పింది. మోకాళ్ళ కన్నా తుంటి కిందికి దిగితే మనిషి జారదంది. వీపు వెనక బట్ట భుజం ఎముకల దాకా లేవాలంది. ఇవన్నీ నాకు తెలియనివి. చెప్పినవన్నీ సుద్దముక్కతో కాన్వాసు మీదే గుర్తులు పెట్టుకున్నాను. వెళ్ళబోతూ ఆమె గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"నువ్వు కూర్చుని చూశావా?"

లేదన్నాను.

"కూర్చో. తర్వాత మీ అమ్మని కూర్చోబెట్టు."

ఆ ఆదివారం తమ్ముడూ దాదా నన్ను మోశారు. పెద్ద మనిషిని, విధవరాలిని, అలా కూర్చుని మెట్లు దిగుతుంటే పక్కింటివాళ్ళు తలుపులు తీసి చూశారు. నాకు సిగ్గనిపించలేదు. మొదటి రెండు మెట్లు ఏమీ అనిపించలేదు. మూడో మెట్టు దగ్గర తమ్ముడు ముందు దిగాడు, నా కింద నేల పోయింది. ఎదురుగా మెట్లన్నీ ఒకదాని కింద ఒకటి లోతుగా కనిపించాయి. నా చేతులు రెండూ గాల్లోకి లేచి ఏదో వెతికాయి. గోడ అందలేదు. వెనకనున్న దాదా చొక్కా దొరికితే దాన్ని పట్టేసుకున్నాను. కింది దాకా వదల్లేదు.

కింద దించాక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఏటప్పా, భయమేసిందేటి?" అన్నాడు తమ్ముడు.

అవునన్నాను. మా ఆయన పోయాక నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి. అందుకు సంతోషించానని మాత్రం అనుకోవద్దు. టీ తాగేలోపే ఆ భయం కూడా పోయింది, లోపల మళ్ళీ మామూలుగా అయిపోయింది. కానీ అది ఎక్కడ పుట్టిందో మర్చిపోలేదు. కళ్ళలో పుట్టింది, చేతుల్లో పుట్టింది. పట్టీలు తెగుతాయేమోనని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. కుట్టింది నేనే కదా. కిందికి కనిపించడం వల్ల భయం, చేతులకి పట్టుకోడానికి ఏమీ లేకపోవడం వల్ల భయం.

అందుకని డోలీని ముందు మనిషికి దగ్గరగా జరిపాను. కూర్చున్నవాళ్ళ కళ్ళకి అతని వీపే ఎదురుగా ఉండాలి, మెట్లు కనిపించకూడదు. అతని భుజం పట్టీకి వెనక వైపు ఒక గట్టి ఉంగరం లాంటి పిడి కుట్టాను, అమ్మ కుడిచేతికి అందేలా. దానివల్ల బరువేమీ తగ్గదు. చేతికి ఒక పని ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు ముందు మనిషి కిందా వెనక మనిషి పైనా ఉంటాడు కాబట్టి, పట్టీలు సమానంగా ఉంటే మనిషి ముందుకి ఒరుగుతుంది. స్కూలు సంచులకి వాడే బకిల్స్ పెట్టి పొడవు మార్చుకునేలా చేశాను. ఎడమ వైపు జీన్స్ ముక్కలు కూరి ఒక దిండు కుట్టాను, అమ్మ దానికి ఆనుకునేలా. అన్నిటికన్నా చివర్న మోకాళ్ళ మీదుగా చుట్టి కట్టే ఒక గుడ్డ. నేను దిగినప్పుడు చీర పిక్కల పైకి లేచిపోయింది. మగాళ్ళిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఆ గుడ్డ గురించి ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది.

అమ్మని దింపింది చలికాలంలో, ఎండ ముదిరాక. ఉతికిన చీర కట్టించి తల దువ్వాను. ఎత్తగానే ఆమె కుడిచెయ్యి ఆ పిడిని పట్టుకుంది. మలుపు దగ్గర గొట్టం ఆమె మోచేతి పక్కనుంచి పోయింది, తగల్లేదు. కిందికి వచ్చేశాం. దాదా ముందే ఒక సైకిల్ వ్యాను మాట్లాడి ఉంచాడు. దాని మీద పరుపు వేసి, అమ్మని కూర్చోబెట్టి, వెనక నేను ఆసరాగా కూర్చున్నాను.

మార్కెట్ వెనక్కి వెళ్ళాం. నేనేమనుకున్నానో నాకే తెలియదు. ఏడుస్తుందనో, ఎవరినైనా గుర్తుపట్టి పలకరిస్తుందనో అనుకుని ఉంటాను. ఆమె రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. టీ కొట్టు ముందు కాలవ పక్కన మట్టి కప్పులు కుప్పగా పడున్నాయి. కొబ్బరి బోండాల తొక్కలు. ఒక కుక్క. ఒక అమ్మాయి కార్పొరేషన్ చేతిబండి పక్కన ఆపి ఊడుస్తోంది. కొత్త పిల్ల, అమ్మని ఎరగదు. అమ్మ ఆ పిల్ల చీపురు వంకే చాలాసేపు చూసింది.

"మూలలు ఒగ్గేసింది," అంది.

ఇంకేమైనా అంటుందని ఆగాను.

"పద, ఎలిపోదాం."

వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాం. పైకి ఎక్కించడం దింపడం కన్నా కష్టమైంది గానీ ఎక్కించారు. అమ్మ అన్నం తిని నిద్రపోయింది. నేను జేబులు కుట్టడానికి కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం తమ్ముడు తయారై వచ్చి, ఈసారి గంగ ఒడ్డుకి వెళ్దామన్నాడు. అమ్మ వద్దంది. నొప్పిగా ఉందా అని అడిగాను, లేదంది. భయమా అంటే, అదీ లేదంది.

"సూడాలనుకున్నాను, సూసినాను. ఇంక నాకేటి పనుంది కింద?"

తమ్ముడికి కోపం వచ్చింది. ఇన్ని నెలలు అప్ప కళ్ళు పోగొట్టుకుని కుట్టింది, దానికైనా ఒకసారి రావచ్చు కదా అన్నాడు. నాకు కోపం రాలేదు. వాడు ఆమెను బతిమాలుతుంటే విసుగొచ్చి, మానెయ్యమన్నాను. ఏదీ అక్కర్లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. డోలీ మడతపెట్టి తలుపు వెనక మేకుకి తగిలించాను.

అది అక్కడే ఉండేది, పక్క బ్లాకు నుంచి ఒక కోడలు వచ్చి అడక్కపోయి ఉంటే. వాళ్ళ మామగారు డాకులో పని చేసి రిటైరైన మనిషి, మా ఊళ్ళ వైపువాడే. చక్కెర జబ్బుతో మోకాలు కిందికి ఒక కాలు తీసేశారు. మీ అమ్మని దింపారట కదా, మా మామని కూడా దింపొచ్చా అని అడిగింది. తీసుకెళ్ళమన్నాను. మర్నాడు ఆ తాత నన్ను పిలిపించాడు. మంచం మీద డోలీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏటి గుంటా, ఇది రెండు కాళ్ళున్నోళ్ళకి కుట్టినావు. నాకు ఒకటే ఉన్నాది గదా."

కాలు లేని వైపు తొడకి ఆనుకునేది ఏమీ లేక ఆ పక్కకి దొర్లిపోతున్నాడట. మళ్ళీ పేపర్లు పరిచాను. ఒక తొడ కింద పొడుగు, రెండోదాని కింద పొట్టిగా, కొస మూసి ఒక సంచిలాగా చేసి మిగిలిన కాలు అందులో ఆగేలా కుట్టాను. అది ఇస్తే పట్టీ మెడకి గీరుకుంటోందన్నాడు. మార్చాను. బకిల్ తొడలో గుచ్చుకుంటోందన్నాడు. అదీ మార్చాను. కుట్లు లోపలివైపు ఉబ్బుగా ఉన్నాయన్నాడు. ఆయన సణుగుడు వినడం నాకు కష్టంగా ఉండేది కాదు. ఏది బాగాలేదో తిన్నగా చెప్పేవాడు. బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. రోజూ సాయంత్రం కొడుకూ పక్కింటతనూ మోసుకొస్తే, కింద గేటు దగ్గర పేకాటలో కూర్చునేవాడు. ఓడిపోయిన రోజు కూడా డోలీదే తప్పనేవాడట.

వ్యాయామం చేయించే దిది ఆయన డోలీ చూసి, ఒకటి తమ సంస్థకి కావాలంది. తర్వాత ఇంకొన్ని అడిగింది. కాన్వాసు ఉతికితే ఆరదు కాబట్టి వేరే బట్ట తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు మా కార్ఖానాలో నాతో కుట్టే ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఇవి కుడుతున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం. కొలతలకి నేనే వెళ్తాను. గార్డెన్ రీచ్ బస్సు మా ఆయన పనిచేసిన ఓడల యార్డు గేటు ముందునుంచే పోతుంది. కిటికీలోంచి చూస్తాను. గేటు గేటులాగే ఉంటుంది.

ఇది ఎలా తోచిందమ్మా అని సంస్థలో ఒకాయన నన్ను అడిగాడు. మా మెట్లు ఇరుకు అన్నాను. ఇంకా ఏదో చెబుతానేమోనని ఆయన ఎదురుచూశాడు. నాకూ అంతకు మించి తెలియదు.

ఈ మధ్య సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఒక ముసలామె కోసం ఒకటి కుడుతున్నాను. ఆమెకీ ఎడం పక్కే పడిపోయింది. అమ్మ కొలతలే కాబట్టి పాత కాగితాలే తీసి పరిచాను. వీపు భాగం కత్తిరించబోతుంటే అమ్మ మంచం మీంచి అంది.

"అక్కడ ఇంకొంచెం ఎడల్పు ఒగ్గు. సంక కింద ఒత్తేస్తాది."

నేను కత్తెర ఆపి ఆమె వంక చూశాను. ఆ రోజు ఒత్తిందా అని అడిగాను.

"ఒత్తింది. ఇంటికొచ్చేసరికి ఎర్రగా కందిపోనాది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వడగనేదు గదే."

నిజమే, అడగలేదు. రోడ్డు చూసి ఏమనిపించిందనే అడగాలనుకున్నాను, అదీ అడగలేదు. ఇంకా ఎక్కడెక్కడ ఒత్తిందో చెప్పమన్నాను. అమ్మ కళ్ళు మూసుకుని ఆలోచించింది. ఎడమ దిండు మరీ గట్టిగా ఉందంది, కొంచెం దూది పెడితే బాగుంటుందంది. మోకాళ్ళ మీద గుడ్డ మాత్రం మంచిదంది, అది తియ్యొద్దంది. పిడి సన్నగా ఉంది, చెమట పడితే జారుతుందంది. ఒక్కొక్కటీ కుడిచేత్తో తన ఒంటి మీద చూపిస్తూ చెప్పింది. నేను మంచం దగ్గరికి జరిగి, ఆమె వేలు పెట్టిన చోటల్లా టేపు పెట్టి కొలిచాను.

చంక దగ్గర వెడల్పు వదిలి కొత్తగా గీత గీశాను. అమ్మ దిండుకి ఆనుకుని, నేను సరిగ్గా కత్తిరిస్తున్నానో లేదో చూస్తూ కూర్చుంది.